నీళ్ళు లేని ఏటికి వంతెన

ఊళ్ళో వాతావరణమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం ఆవిడ అద్దెకుండే ఇంటి యజమాని కూడా బుర్ర గోక్కోవాల్సిందే. రేడియోలో పొద్దునా సాయంత్రమూ వాతావరణ సూచన చదివేది ఆవిడే. ముందు తీరం, తర్వాత లోయలు, ఆపైన కొండలు, చిట్టచివర ఎడారి. ఆ వరస తప్పితే సూర్యుడు కూడా దారి తప్పుతాడేమో అన్నంత నిష్ఠగా చదివేది. తీరంలో గాలి మారుతుండేది, లోయల్లో మంచు దిగుతుండేది, కొండల మీద చలి పెరుగుతూ తగ్గుతూ ఉండేది. ఎడారి మాత్రం చెక్కు చెదిరేది కాదు. "ఎడారి: పొడి వాతావరణం. మార్పు లేదు." కూరగాయల బండి అతను ఆవిణ్ణి చూడగానే, "ఏమ్మా, ఎడారిలో ఏమైనా కదలిక ఉందా?" అని అడిగేవాడు. "నీ తూకంలో వచ్చిన రోజున అక్కడా వస్తుందిలే" అనేది ఆవిడ సంచీ చాపుతూ.

రేడియో స్టేషను కింది అంతస్తులో, వాతావరణ ఆఫీసు పై అంతస్తులో ఉండేవి. రెంటికీ మధ్య ఒక ఇనప మెట్ల దారి. పైనుంచి వచ్చే కాగితంలో నాలుగు గళ్ళు ఉండేవి. తీరం, లోయలు, కొండలు పెన్నుతో నింపేవారు. నాలుగో గడి మాత్రం నింపే పని లేదు. రోజూ రాసిందే రాయడం దండగని ఎప్పుడో ఒక పెద్దమనిషి ఆ వాక్యాన్ని కాగితంతోపాటే అచ్చు వేయించేశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఎడారి ఆయన మాట నిలబెడుతూనే వచ్చింది. వాతావరణమ్మ కూడా ఆ వాక్యాన్ని చదవడం ఎన్నడో మానేసింది. కొండలు పూర్తవుతూండగానే కళ్ళజోడు తీసేసేది. దాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుంటుంటే, నోరు తనంతట తానే ఎడారి సంగతి చెప్పేసి సెలవు తీసుకునేది.

ఆ వాక్యమంటే ఆవిడకి చిరాకేమీ లేదు. నిజం చెప్పాలంటే మొత్తం సూచనలో ఆవిడకి ప్రాణమైనది అదే. ఎందుకంటే ఆవిడ మొగుడు ఉన్నది ఎడారిలో.

ఆయన వంతెనల మేస్త్రీ. ఎడారిని చీల్చుకుంటూ పోయే రోడ్డు ఒకచోట ఎండిన ఏట్లోకి దిగి మళ్ళీ పైకెక్కుతుంది. అక్కడ వంతెన కట్టమని ఆయన్నీ ఆయన కూలీలనూ పంపారు. ఆ ఏట్లో నీళ్ళు చూసినవాళ్ళు బతికి లేరు. చూసినవాళ్ళ దగ్గర విన్నామన్నవాళ్ళని కూడా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ దారిన పోయే లారీవాళ్ళకి మేస్త్రీ మంచి కాలక్షేపమైపోయాడు. "ఏం మేస్త్రీ, నీళ్ళు లేని ఏటికి వంతెనా? తల లేనివాడికి తలపాగా కూడా చుట్టిస్తావా?" అని బండి ఆపి మరీ ఎగతాళి చేసేవారు. "నవ్వుకోండి నాయనా. ఏరు నన్నడిగి వస్తుందా, మిమ్మల్నడిగి వస్తుందా?" అని ఆయన తన పని తాను చూసుకునేవాడు.

అంత తెలిసిన మేస్త్రీ కూడా గుడారాలు వేయించింది ఏటి గర్భంలోనే. గట్టు మీద రోజంతా వడగాలి, ముళ్ళపొదలు. కింద మెత్తటి ఇసక, గట్టు నీడ. ఒళ్ళు సుఖానికి మరిగాక తెలివి కూడా అక్కడే చాప పరుచుకుంటుంది. ఆ గుంటలో ఫోను పలకదు. వారానికోసారి గట్టెక్కి, రోడ్డు మీద చాలా దూరంలో ఉన్న పెట్రోలు బంకు దాకా లారీలో పోయి ఇంటికి ఫోను చేసేవాడు. మిగతా రోజుల్లో ఆయనకి దిక్కు గుడారం గుంజకి వేలాడే చిన్న రేడియో. "మీ ఇళ్ళవాళ్ళు ఎప్పుడో ఓసారి పలకరిస్తారు. మా ఆవిడ రోజుకి రెండుసార్లు పలకరిస్తుంది" అని కూలీల ముందు మీసం మెలేసేవాడు. సూచన కాగానే రేడియో కట్టేసేవాడు. "నీ గొంతు అయిపోయాక ఇంక పాటలెందుకే, బ్యాటరీ దండగ" అని ఒకసారి ఆవిడతోనే అన్నాడు. ఆ మాటకి ఆవిడ రెండు రోజులు లోలోపల మురిసిపోయింది.

పై అంతస్తులో సూచన రాసే ఆయన్ని స్టేషనంతా బహుశా గారు అనేవారు. ముఖం మీద కాదు, వెనకాల. ఆయన కాగితంలో ప్రతి వాక్యమూ బహుశాతోనే మొదలయ్యేది. బహుశా చిరుజల్లులు, బహుశా మంచు, బహుశా ఈదురుగాలి. భోజనం చేశారా అని అడిగితే కూడా ఒక క్షణం ఆలోచించేవాడు. మనిషి మంచివాడే. ఆకాశంతో పని చేసి చేసి మాట ఇవ్వడానికి భయపడేవాడు, అంతే.

ఆ రోజు పొద్దున కాగితం ఆలస్యంగా వచ్చింది. ప్యూను దాన్ని బల్ల మీద పడేసి వెళ్ళీ వెళ్ళకముందే మైకు పక్కన ఎర్రదీపం వెలిగింది. వాతావరణమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. తీరంలో పెనుగాలులు, పడవలు ఒడ్డునే ఉండాలి. లోయల్లో భారీ వర్షం. కొండల మీద అతిభారీ వర్షం. చదువుతూనే, ఇవాళ బహుశాలు తక్కువగా ఉన్నాయేమిటా అనుకుంది. కొండలు పూర్తవుతూండగా అలవాటుగా చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది. జోడు తీసేముందు నాలుగో గడిలో నీలిరంగేదో కనబడినట్టయి, ఒక్క ఊపిరి గొంతులో ఆగింది. కళ్ళు ఏదో చూశాయి కానీ నాలుక కళ్ళ కోసం ఆగలేదు. "ఎడారి: పొడి వాతావరణం. మార్పు లేదు. సెలవు." దీపం ఆరిపోయింది, స్టూడియో అద్దం అవతల పాట మొదలైంది.

జోడు మళ్ళీ పెట్టుకుని చూసింది. అచ్చు వాక్యాన్ని స్కేలు పెట్టి కొట్టేసి, దాని కింద పెన్నుతో గట్టిగా రాసి ఉంది: "ఎడారి: మధ్యాహ్నం నుంచి వర్షం. కొండల నీరు దిగి ఎండిన ఏర్లు పొంగుతాయి. ఏటి గర్భంలో ఎవరూ ఉండరాదు."

ఇనప మెట్లు దడదడలాడాయి. బహుశా గారు చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చాడు.

"ఏం చదివారమ్మా! నేను రాసిందేంటి, మీరు చదివిందేంటి!"

"తప్పు చదివాను సార్." "మీరు... ఇందులో బహుశా అని రాయలేదే?"

"లేదమ్మా. ఈసారి బహుశా లేదు."

ఆ మాట వినగానే ఆవిడ కుర్చీలోంచి లేచింది. ఆయన నోట అలాంటి మాట స్టేషనులో ఎవరూ విని ఉండరు.

అద్దం అవతల మీటల ముందు కూర్చునే ముసలాయన్ని అందరూ స్విచ్చి బాబాయ్ అనేవారు. నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపాలంటే పెద్ద అధికారి సంతకం కావాలి. ఆయన సెలవులో ఉన్నాడు. సంతకాలు లేనిదే టీ కూడా తాగని మనిషి స్విచ్చి బాబాయ్. ఆవిడ ముఖం చూశాడు, బహుశా గారి బోసి కాళ్ళు చూశాడు. "అమ్మాయ్, పోయి కూర్చో. సంతకం నేను తర్వాత పెట్టించుకుంటా. ఏరు సంతకం కోసం ఆగదు కదా" అని పాట గొంతు నొక్కేశాడు.

ఎర్రదీపం వెలిగింది. "ఇందాక నేను ఎడారి గురించి చదివింది తప్పు" అని మొదలుపెట్టి, రాసింది రాసినట్టు చదివింది. చదివాక కూడా ఆపలేకపోయింది. "ఏట్లో ఉన్నవాళ్ళు ఇప్పుడే లేవండి. ఎండగా ఉంది కదా అనుకోకండి. మీ నెత్తిన ఒక్క చుక్క పడకపోయినా ఏరొస్తుంది. సామాను వదిలేయండి. గట్టెక్కండి. మీకే చెప్తున్నా, వినబడుతోందా?" రేడియోకి జవాబు వచ్చే దారి లేదని ఆవిడకి తెలుసు. అయినా అడిగాక ఒక క్షణం చెవి ఒగ్గి కూర్చుంది.

పాట పాటకీ మధ్య మళ్ళీ చెప్పింది, మళ్ళీ మళ్ళీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఒకటే బాధ మెలిపెట్టింది. ఆయన రేడియో కట్టేసి ఉంటాడు. నీ గొంతు అయిపోయాక ఇంక పాటలెందుకే అన్న మాట, ఒకప్పుడు మురిపించిన మాట, ఇప్పుడు ముల్లై గుచ్చుకుంది. పెట్రోలు బంకుకి ఫోను చేశారు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశారు. ఎవరూ ఎత్తలేదు.

"ఇక్కడ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. పైకి రండమ్మా" అన్నాడు బహుశా గారు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఆ ఇనప మెట్లు ఎక్కలేదు. కాగితం దిగి వస్తుంటే ఎక్కే పనేముంది? పై గదిలో పాత ఫ్యాను కీచుమంటూ తిరుగుతోంది. గోడకి గడియారం ఉంది, టీ గ్లాసుల మచ్చలు పడిన బల్ల ఉంది. దాని మీద ఒక పెద్ద తెర, ఆ తెరలో ఆకాశం మీదినుంచి తీసిన నేల బొమ్మ. ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసింది. సముద్రం మీద పుట్టిన తెల్లటి మబ్బు ఒకటి తీరాన్ని కప్పి, లోయల్లోకి చెయ్యి చాపి, కొండల మీద మోచెయ్యి ఆనించి ఉంది. దాని వేళ్ళు ఎడారి అంచు తాకబోతున్నాయి. ఒకే మబ్బు.

"గళ్ళేవి సార్?" అంది ఆవిడ.

"ఏ గళ్ళు?"

"తీరం, లోయలు, కొండలు... వీటి మధ్య గీతలు."

"గీతలు మన కాగితంలోనే ఉంటాయమ్మా. అక్కడ ఉండవు."

ఇన్నాళ్ళూ ఆవిడ నాలుగు దేశాల కబుర్లు చెబుతున్నట్టు చదివింది. తీరంలో గాలి తీరానిది, కొండల్లో చలి కొండలది. తీరంలో వీచినదే లోయల్లో మంచవుతుందనీ, అదే కొండలెక్కి అలిసి ఖాళీ చేతులతో ఎడారిలో దిగుతుందనీ, రోజూ ఒకే కథని నాలుగు ముక్కలు చేసి చదువుతున్నాననీ ఎప్పుడూ తోచలేదు. ఇవాళ ఆ కథ అలిసిపోలేదు. నిండు చేతులతో చివరి గడిలోకి నడుస్తోంది. భయం పోలేదు, అయినా ఆవిడ తెర మీదికి ఇంకా వంగింది. మొగుడి ప్రాణం అవతల ఉండగా ఇలా నోరు తెరుచుకుని చూస్తున్నానేమిటని తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే చూసింది.

ఇద్దరూ డాబా మీదికి వెళ్ళారు. అప్పటికే పట్టణం మీదికి మబ్బు వచ్చేసింది. మబ్బంటే పై పైన తేలేది కాదు. నేల నుంచి లేచిన గోడలా, తల పూర్తిగా వెనక్కి వాల్చినా కొస అందనంత ఎత్తున ఉంది. దాని కడుపు నల్లగా, అంచులు మాత్రం ఎండకి పాలమీగడలా మెరుస్తున్నాయి. కాకులు అరవడం మానేశాయి. వీధిలో బళ్ళు ఆగాయి, కూరగాయల అతను త్రాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ మబ్బు ఎవరినీ పట్టించుకోకుండా, తొందర లేకుండా, కొండల వైపు సాగిపోతోంది. "నలభై ఏళ్ళుగా దీని గురించి రాస్తున్నానమ్మా. దీని ముందు నిలబడితే ఇవాళ్టికీ నాకు ఒక్క మాట రాదు" అన్నాడు బహుశా గారు.

డాబా కింద ఆఫీసు గదిలో ఫోన్లు మొదలయ్యాయి. తీరం కేంద్రం ఆయన, "సముద్రానికీ ఆకాశానికీ తేడా తెలీట్లేదు సార్" అన్నాడు. లోయ కేంద్రం ఆయన మాట వానచప్పుడులో సగమే వినబడింది. కొండ మీది కేంద్రంలో ఒక్కర్తే ఉండే ఆవిడ మాత్రం గుసగుసలాడినట్టు మాట్లాడింది. "మబ్బు నా కాళ్ళ కింద ఉందండీ. కొండెక్కుతోంది. ఎక్కుతోంది... ఎక్కేసింది. అవతలికి ఒలికిపోతోందండీ. పాలు పొంగి గిన్నె దాటినట్టు ఒలికిపోతోంది."

ఎడారి కేంద్రంలో మనుషులు లేరు. ఒక యంత్రం ఉంది. అది పంపే వాన లెక్క తెర మూలలో కనబడుతుంది, ఎప్పుడూ సున్నా. వాతావరణమ్మ ఆ సున్నాని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. టీ తెచ్చారు, చల్లారింది. మధ్యమధ్య కిందికి దిగి అదే హెచ్చరిక చదివి, మళ్ళీ ఎక్కి వచ్చింది. పొద్దువాలే వేళకి సున్నా పోయి ఒకటి వచ్చింది. బహుశా గారు లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకీ తెలియదు. చూస్తుండగా అంకె పెరిగిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఎడారిలో వాన పడుతోంది. తను కట్టుకున్నవాడు ఏట్లో ఉన్నాడో గట్టు మీద ఉన్నాడో ఆ అంకె చెప్పదు.

సాయంత్రం సూచనకి కాస్త ముందు కింద ఫోను మోగింది. స్విచ్చి బాబాయ్ ఎత్తి, విని, మెట్ల వైపు తిరిగి కేకేశాడు. "అమ్మాయ్! మేస్త్రీ!"

ఆవిడ మెట్లు ఎలా దిగిందో ఆవిడకి గుర్తు లేదు. ఫోనులో ముందు వానహోరు వినబడింది.

"ఇదిగో, నేనే" అన్నాడాయన. "అందరం గట్టెక్కాం. బంకు దగ్గరున్నాం. తడిసి ముద్దయ్యాం, అంతే. రేడియో తప్ప ఏమీ తెచ్చుకోలేదు."

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. "ఎక్కడండీ మీరు... పొద్దుణ్ణుంచీ..."

"ఊరుకో, ఊరుకో. ముందు నన్ను చెప్పనీ. ఇది చెప్పకపోతే నాకు ఊపిరాడదు." ఆయన గొంతులో చిన్నపిల్లల గొంతు వినబడింది ఆవిడకి. "గట్టెక్కాక ఏమీ లేదే. ఎండ. మావాళ్ళు నన్ను తిట్టడం కూడా మొదలెట్టారు. కాసేపటికి ముందు వాసనొచ్చింది, మట్టి వాసన. తర్వాత చప్పుడు, లారీలు వస్తున్నాయేమో అనుకున్నాం. అప్పుడు మలుపు తిరిగి వచ్చింది. ఏరే! పరిగెత్తుకుని కాదు, నడిచి వచ్చింది. నురగా, పుల్లలూ, ఎండుకంపా ముందుకి తోసుకుంటూ, ఇల్లు వెతుక్కుంటున్న మనిషిలా అటూ ఇటూ చూసుకుంటూ నడిచి వచ్చింది. దాని వెనకాల చూస్తే గోడంత నీళ్ళు. మా గుడారాలు ఉన్నచోట ఇసక కనిపించలేదు. లారీవాళ్ళు కూడా దిగి నిలబడ్డారు. పెద్ద కూలీ చెప్పులు విడిచాడు. వాణ్ణి చూసి అందరం విడిచాం."

"వంతెన స్తంభాలు?" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. మేస్త్రీ పెళ్ళాం కదా.

"నిలబడ్డాయి. వాటిని రాసుకుంటూ పోతున్నాయి నీళ్ళు."

"మరి మీరు రేడియో కట్టేయలేదా? నా గొంతు అయిపోగానే కట్టేస్తారు కదా?"

ఆయన నెమ్మదిగా అన్నాడు. "అదో సంగతి. నీకు చెప్పలేదు గానీ, నేను నీ గొంతు అయ్యేదాకా కూడా ఆగనే. కొండలు అయిపోయి నువ్వు ఎడారి అనగానే మీట తిప్పేస్తా. ఎన్నేళ్ళ నుంచో. దాన్లో వినేదేముంది, తెలిసిందే కదా అని."

ఆవిడ కూడా తన కళ్ళజోడు సంగతి ఆయనకి ఎన్నడూ చెప్పలేదు.

"ఇవాళ కూడా చెయ్యి మీట మీదే ఉంది" అన్నాడాయన. "కొండల తర్వాత నువ్వు ఊపిరాపావు. నువ్వు అక్కడ ఆగవు. ఎప్పుడూ ఆగలేదు. ఏమైంది దీనికి, ఒంట్లో బాలేదా అని చెయ్యి తీసేశా. మార్పు లేదన్నావు, సెలవన్నావు, పాటొచ్చింది. అయినా కట్టబుద్ధి కాలేదు. ఆ పాట మధ్యలో మళ్ళీ నువ్వొచ్చావు."

అద్దం అవతలినుంచి స్విచ్చి బాబాయ్ వేలు చూపించాడు. సూచనకి వేళయింది. "ఉండండి, రేడియో కట్టేయకండి" అని ఆవిడ ఫోను పెట్టేసి లోపలికి పరిగెత్తింది.

బల్ల మీద కొత్త కాగితం ఉంది. నాలుగో గడిలో అచ్చు వాక్యాన్ని మళ్ళీ స్కేలు పెట్టి కొట్టేశాడు బహుశా గారు. ఎర్రదీపం వెలిగింది. ఆవిడ తీరం చదివింది, లోయలు చదివింది, కొండలు చదివింది. చెయ్యి అలవాటుగా కళ్ళజోడు మీదికి లేచింది. దాన్ని కిందికి దించి, వేలు కాగితం మీద ఆనించింది.

"ఎడారి" అని ఆగింది. వేలు పెట్టి, బడికి కొత్తగా వచ్చిన పిల్లలా, మాట వెనక మాట చదివింది. "వర్షం తగ్గుముఖం పడుతుంది. ఏర్లు పారుతున్నాయి. రేపు తెల్లవారుజామున కూడా పారుతాయి. సెలవు."

దీపం ఆరాక కూడా జోడు తీయలేదు. పక్కగదిలో ఫోను మోగింది. స్విచ్చి బాబాయ్ దాన్ని ఎత్తకుండా ఆవిడకే చూపించాడు.

"విన్నానే" అన్నాడు మేస్త్రీ. "చివరిదాకా విన్నాను."